‘త్రీ మస్కటీర్స్’ నచ్చినవారు ఫాంటసీలో ఏం చదవాలి?

‘త్రీ మస్కటీర్స్’ రాసిన ఫ్రెంచి రచయిత డ్యూమా నవలల్లో ఉండే కత్తియుద్ధాలు, స్నేహాలు, పంతాలు ఫాంటసీలో ఎక్కడ దొరుకుతాయని అడిగారు. స్టీవెన్ బ్రస్ట్ రాసిన ‘ది ఫీనిక్స్ గార్డ్స్’ (1991) చదవండి. అయితే మొదటిసారి నేను దాన్ని నలభై పేజీలకే మూసేశానని ముందే చెప్పాలి.

సంభాషణలే నన్ను విసిగించాయి. వరస ఇలా ఉంటుంది (ఈ నమూనా నా సొంత కల్పన):

“మీకో సంగతి చెప్పాలి.”
“సంగతా?”
“అవును, ముఖ్యమైనదే.”
“అయితే చెప్పండి.”
“చెప్పమంటారా?”
“ఇందాకటి నుంచి నేను వేడుకుంటున్నది అదే కదా!”

రాజధాని తగలబడుతున్నా వీళ్లు మర్యాద తప్పరు. ఇదేం నస అనుకున్నాను.

తప్పు నాదే. నేను బడిలో చదివింది పిల్లల కోసం కుదించిన ‘త్రీ మస్కటీర్స్’. అందులో కత్తులు మిగిలాయి, కబుర్లు ఎగిరిపోయాయి. మూడేళ్ల తర్వాత పూర్తి అనువాదం చదివితే గానీ తెలియలేదు, డ్యూమా కూడా ఇలాగే సాగదీస్తాడని. అది 1844లో ‘లె సియేక్ల్’ దినపత్రికలో ధారావాహికగా వచ్చిన కథ. మాటకు మాట, పంక్తికి పంక్తి, రేపటి దాకా ఉత్కంఠ. ఆ కబుర్లలోనే అథోస్ దిగులు, పోర్తోస్ డాంబికం బయటపడతాయి. ఆ రుచి తెలిశాక మళ్లీ బ్రస్ట్‌ను తీశాను. ఈసారి అదే నలభయ్యో పేజీ దగ్గర ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వాను.

పాత్రలను మీరు ఇట్టే గుర్తుపడతారు. కొత్త చక్రవర్తి కొలువులో సైనికుడిగా చేరడానికి వచ్చే ఖావ్రెన్ మన డార్టాన్యాన్. ఏరిచ్ అథోస్, గూఢంగా ఉండే పెల్ అరామిస్. పోర్తోస్ స్థానంలో మాత్రం టజెండ్రా అనే స్త్రీ ఉంటుంది. ధైర్యం ఎక్కువ, ఆలోచన కాస్త ఆలస్యం. నాకు అందరికన్నా ఆవిడే ఇష్టం.

వీళ్లందరికన్నా గడుసువాడు కథ చెప్పే పార్ఫీ. అతను ఆ లోకపు చరిత్రకారుడు. తాను క్లుప్తంగా రాస్తున్నానని చెప్పుకుంటూనే పేజీలు నింపేస్తాడు. మంత్రవిద్య ఉంది గానీ కథను నడిపేవి పరువు, పంతమే. అక్కడివారు వేల ఏళ్లు బతుకుతారు కాబట్టి డ్యూమా కొనసాగింపు నవలకు ‘ఇరవై ఏళ్ల తర్వాత’ అని పేరు పెట్టిన చోట బ్రస్ట్ ‘ఐదు వందల ఏళ్ల తర్వాత’ (1994) అని పెట్టాడు! ఆ రెండో పుస్తకం మొదటిదానికన్నా బాగుంటుంది, ఎందుకో చెబితే కథ చెప్పేసినట్టే.

తర్వాతి మూడు సంపుటాలను (2002–2004) తొందరపడి కొనకండి. వాటిలో మొదటిది నాకు చాలా నెమ్మదిగా నడిచినట్టు అనిపించింది. అదే లోకంలో బ్రస్ట్ రాసిన వ్లాడ్ టాల్టోష్ నవలలు ముందుగా చదవనక్కర్లేదు. మీకు డ్యూమా రాసిన మరో నవల ‘మాంటె క్రిస్టో’ ఎక్కువ ఇష్టమైతే, దాని నమూనాలో వచ్చిన ‘ది బారన్ ఆఫ్ మేజిస్టర్ వ్యాలీ’ (2020) తోనే నేరుగా మొదలుపెట్టవచ్చు.

సంభాషణలు విసుగనిపిస్తే ఒక పేజీ పైకి చదివి చూడండి. మా చెల్లెలూ నేనూ చెరో పాత్ర పంచుకుని చదివేవాళ్లం, పెల్ మాటలు మాత్రం ఎప్పుడూ తనకే కావాలనేది.