సిమిలన్ దీవులకు ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: థాయ్‌లాండ్‌లోని సిమిలన్ దీవులను చూడాలని మా కుటుంబానికి చాలాకాలంగా కోరిక. మే నెలాఖరులో వెళ్లి, రెండు రాత్రులు దీవిలోనే గుడారం వేసుకుని ఉందామనుకుంటున్నాం. మాలో ఇద్దరికి ఈత రాదు. పగడాలను దగ్గరగా చూడగలమా? వెంట ఏమేం తీసుకెళ్లాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా తేదీలు మార్చుకోండి. నైరుతి రుతుపవనాల కాలంలో అండమాన్ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక ఈ జాతీయ పార్కును ఏటా మే 15 తర్వాత మూసివేసి, తిరిగి అక్టోబరు 15న తెరుస్తారు. నా సలహా అడిగితే ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. అప్పుడు అలలు తక్కువ, నీరు తేట.

దీవిలో బస కూడా కుదరదు. 1982లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ దీవులలో ఒకప్పుడు గుడారాలకు అనుమతి ఉండేది. అయితే సందర్శకుల తాకిడి పగడాలు తట్టుకోలేనంతగా పెరగడంతో, 2018లో రాత్రి బసను నిలిపివేసి, రోజుకు ఇంతమందే రావాలని పరిమితి పెట్టారు. ఇదే పార్కులోని తాచాయ్ దీవిని 2016లోనే సందర్శకులకు మూసివేశారు. మీకు నిరాశ కలగవచ్చు గానీ, నా దృష్టిలో ఇవి అత్యవసరమైన నిర్ణయాలు. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు, పగడాలకు రంగునూ ఆహారాన్నీ ఇచ్చే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులు) వాటిని విడిచిపోయి, ఈ ప్రాంతంలో ఎన్నో పగడాలు తెల్లగా పాలిపోయాయి. అలాంటి దెబ్బ తిన్న చోట మనుషుల ఒత్తిడైనా తగ్గాలి కదా!

కాబట్టి ఒక్కరోజు యాత్రకు సిద్ధపడండి. ఫంగా రాష్ట్రంలోని థాప్ లాము రేవు నుంచి స్పీడ్ బోటులో సుమారు గంటన్నర ప్రయాణం. రోజువారీ సంఖ్యకు పరిమితి ఉంది కనుక టికెట్లు ముందుగానే తీసుకోండి. పార్కు ప్రవేశ రుసుము అందులో కలిసి ఉందో లేదో అప్పుడే అడగండి.

ఈత రానివారు లైఫ్ జాకెట్ వేసుకుని, మార్గదర్శి పక్కనే ఉండి, ముఖం నీటిలో పెట్టి చూడవచ్చు. కంగారు పుట్టినప్పుడు కాళ్లు కింద ఆనించాలనిపించడం సహజమే, కానీ ఆ కింద ఉన్నది రాయి కాకపోవచ్చు. బండలా గుండ్రంగా కనిపించే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే ఎదుగుతుంది. కొమ్మల పగడం పాదం తగిలితే విరిగిపోతుంది. అందుకే మొదట ఇసుక అడుగున్న లోతులేని నీటిలో స్నార్కెల్‌తో, అంటే ముఖం నీటిలో ఉన్నా గాలి అందించే గొట్టంతో, ఊపిరి తీయడం అలవాటు చేసుకుని, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

వెంట పొడుగు చేతుల ఈత దుస్తులు తీసుకెళ్లండి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను 2021 నుంచి థాయ్‌లాండ్ జాతీయ పార్కులలో నిషేధించారు. ఒళ్లంతా కప్పుకుంటే ఆ పూత అవసరమే చాలావరకు తగ్గుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు వద్దు.

నీటిలో ఒక్క క్షణం కదలకుండా ఉండి చెవి ఒగ్గితే కరకరమనే శబ్దం వినిపించవచ్చు. అవి చిలుక చేపలు పగడాన్ని కొరుకుతున్న చప్పుళ్లు. అవి నమిలి విసర్జించిన సున్నపు పొడి కూడా కలిసే ఆ తీరం పిండిలా తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఆ ఇసుకను గానీ గవ్వలను గానీ వెంట తెచ్చుకోకూడదు; పిల్లలు వస్తుంటే పడవ ఎక్కకముందే వారికి ఈ సంగతి చెప్పండి.