మానసిక సంక్షోభంలో ఉన్నవారి దగ్గరకు పోలీసులతో పాటు నర్సు కూడా ఎందుకు వెళ్లాలి?

భయంతో వణుకుతున్న మనిషికి యూనిఫాం చూస్తే ధైర్యం రాదు, భయం ఇంకా పెరుగుతుంది. అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో కత్తి పట్టుకున్న ఓ మానసిక రోగి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. మరుసటి ఏడాది అక్కడి పోలీసులు, వైద్యులు, రోగుల కుటుంబాలు కలిసి ప్రత్యేక బృందాన్ని తయారుచేశారు. ఈ పద్ధతిలో అధికారులకు 40 గంటల శిక్షణ ఇస్తారు. గొంతు తగ్గించి మాట్లాడటం, రెండడుగులు వెనక్కి నిలబడటం అందులో భాగమే.

ఇంగ్లండ్‌లో చాలాచోట్ల మానసిక వైద్య నర్సు పోలీసులతో కలిసి వెళ్తారు, లేదా ఫోనులో సలహా ఇస్తారు. నా దృష్టిలో అసలు లాభం ఇక్కడే ఉంది. నర్సు పాత వైద్య రికార్డు చూడగలరు. మనిషి మందులు మానేశాడా, ఎవరి దగ్గర చికిత్స పొందుతున్నాడు అన్నది తెలిస్తే సంకెళ్ల అవసరం తప్పవచ్చు. అయితే ఆసుపత్రిలో పడక ఖాళీ లేకపోతే ఈ ఏర్పాటంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.