సమాధానం: నాన్నకి క్రియాటినిన్ 1.5, యూరిన్‌లో ప్రొటీన్ నిల్. భయపడాలా?

తమ్ముడూ, నాన్నకి శ్రీకాకుళం జిల్లా కవిటిలో కొబ్బరి తోట పని, 52 ఏళ్లు, క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో కొలుస్తారు) 1.5, ల్యాబ్‌వాళ్లు "ఫర్వాలేదు" అన్నారని రాశావు. డాక్టర్లు వాడే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేస్తే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) 56 దగ్గర తేలుతుంది. 60 కంటే తక్కువే. కానీ ఒక్క రిపోర్టుతో జబ్బని ముద్ర వేయరు, మూడు నెలలైనా అలాగే ఉండాలి.

మూత్రంలో ముంచే స్ట్రిప్‌లో ప్రొటీన్ లేదని ధైర్యపడకు. మీ ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే తరహా కిడ్నీ జబ్బు ముందు కిడ్నీలోని సన్న నాళికల్ని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని పట్టుకుంటుంది. అందుకే ప్రొటీన్ చాలాకాలం పెద్దగా బయటపడదు. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు తీరు వేరు, అందులో సాధారణంగా ప్రొటీన్ ముందే కనిపిస్తుంది. ల్యాబ్‌వాళ్ల "ఫర్వాలేదు" ఆ జబ్బు చూసిన అలవాటుతో అన్నదే.

మళ్లీ టెస్టుకి వెళ్లేముందు రోజు ఎండలో పని, మాంసం రెండూ మానిపించు. రెండూ క్రియాటినిన్‌ని పైకి లాగుతాయి. పొద్దున్న తొలి మూత్రంతో ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (మూత్రంలో పోయే ప్రొటీన్‌ని స్ట్రిప్ కంటే కచ్చితంగా కొలిచే పరీక్ష) అడుగు (30 మి.గ్రా/గ్రా లోపు మంచిది), దాంతోపాటు పొటాషియం, అల్ట్రాసౌండ్. రిపోర్టులు పట్టుకుని పలాస కిడ్నీ ఆసుపత్రిలో నెఫ్రాలజిస్టుకి (కిడ్నీ డాక్టర్‌కి) చూపించు.

నాన్న నడుం నొప్పికి వేస్తున్న డైక్లోఫెనాక్ (నొప్పి మాత్ర) ఇవాళే ఆపించు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీకి రక్తం ఇంకా తగ్గించేస్తుంది. బదులుగా పారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో.

డాపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌కి, కిడ్నీ జబ్బుకి ఇచ్చే మాత్ర) గురించి అడిగావు. 2020లో వచ్చిన డాపా-సీకేడీ అనే ఆ మందు ట్రయల్‌లో పైన చెప్పిన రేషియో 200 దాటినవాళ్లనే తీసుకున్నారు. ప్రొటీన్ పోనివాళ్లకి ఆ ఫలితం నేరుగా అతకదు, సొంతంగా కొని వేయొద్దు.

నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ మిషన్‌కి అప్పు చేయకు. జబ్బుకి కారణం నీళ్లేనని ఇంకా తేలలేదు.