సగం మూడుకు ఏమి జరిగింది?

తిరుపతి,
ఆదివారం ఉదయం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కవరు మంగళవారం అందింది. మీ నాన్నా నేనూ యూనివర్సిటీ హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం కాబట్టి నిన్ను ‘మీరు’ అనడం నాకు చేతకాదు. నీ వ్యాసం పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను, ఒకసారి పడక కుర్చీలో, ఇంకోసారి పెన్సిలుతో. ‘బాగుంది, ఇంకా రాయి’ అని ఒక కార్డు ముక్క పంపి ఊరుకోవచ్చు. నా చిన్నతనంలో నాకు అలాంటి కార్డులు చాలా వచ్చాయి. వాటివల్ల పదేళ్ళు వెనకబడ్డాను. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతోంది, ఓపిక పట్టు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో గడిపిన పది వారాల నుంచి ఇరవై రెండు వింతలు ఏరి, వరస నంబర్లు వేసి రాశావు. తెరలు లేకుండా వీధికి ఎదురుగా వెలిగే పెద్ద పెద్ద కిటికీలు, మధ్యాహ్నం రొట్టె ముక్క మీద చాక్లెట్ పలుకులు చల్లుకుని అదే భోజనం అనుకునే పెద్దమనుషులు, మరుగుదొడ్డి గోడకు వేలాడే పుట్టినరోజుల క్యాలెండరు. అన్నీ నిజాలే. కానీ దాదాపు ప్రతి వింత చివరా ఒక తీర్పు ఉంది. పదమూడు చోట్ల ‘వాళ్ళ క్రమశిక్షణే క్రమశిక్షణ’ అన్నావు. ఏడు చోట్ల ‘మన ఆప్యాయతలు వాళ్ళకెక్కడివి’ అన్నావు. ఈ రెండు ముద్రలూ నువ్వు విమానం ఎక్కకముందే నీ పెట్టెలో ఉన్నాయమ్మా. అక్కడ సంపాదించినవి కావు. మిగిలిన రెండు చోట్ల తీర్పు రాయడం మరిచిపోయావు. ఆ రెండే నాకు నచ్చాయి.

ఒకటి పదిహేడో నంబరు. మొత్తం ఒకే వాక్యం: ‘అక్కడ గంటలు చెప్పే పద్ధతి కూడా వేరు, దానివల్ల ఒకసారి మీటింగుకు ఆలస్యమయ్యాను.’ ఇదేమిటని ఫోనులో అడిగితే పావుగంట చెప్పావు. ఆ పావుగంట కాగితం మీదకు ఎందుకు రాలేదో నాకు అర్థం కాలేదు. నువ్వు చెప్పిందే నీకు తిరిగి వినిపిస్తాను.

మామిడి గుజ్జు నమూనాల మీద మీటింగు. నీ డచ్చి సహోద్యోగి తన భాషలో అనుకుని, ఇంగ్లీషులో ‘సగం మూడుకు’ అన్నాడు. నీ తెలుగు చెవి దాన్ని మూడున్నరగా విన్నది. ఆ మాట అన్నది ఇంగ్లండు మనిషే అయితే మూడున్నరే అయ్యేది కూడా. కానీ డచ్చి లెక్కలో అది మూడో గంటలో సగం, అంటే మన రెండున్నర. మనవాళ్ళు ఆలస్యంగా వస్తారన్న పేరు పోగొడదామని, పది నిమిషాలు ముందే, మూడూ ఇరవైకి తలుపు తోశావు. లోపల నలుగురు యాభై నిమిషాలుగా కూర్చుని ఉన్నారు. నువ్వు నవ్వుతూ ‘కొంచెం ముందే వచ్చేశాను’ అన్నావు.

ఆ మాట దగ్గర నేను ఫోను చేతిలో పట్టుకునే పగలబడి నవ్వాను. ఆ తర్వాత నవ్వలేకపోయాను. ఆ గదిలో అందరి గడియారాలూ ఒకే సమయం చూపిస్తున్నాయి. తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నువ్వు వేళాకోళం చేస్తున్నావనుకున్నారో, పొగరు అనుకున్నారో. మూడు రోజుల తర్వాత క్యాంటీన్‌లో ఆ పోలండు అమ్మాయి విడమరిచి చెప్పేవరకు నీకు తెలియదు. ‘మా భాషలోనూ ఇంతే’ అన్నదట కదా. ఆ మూడు రోజులు ఎలా గడిచాయి? కాఫీ మిషను దగ్గర ఎవరి ముఖం ఎలా ఉంది? మీ అమ్మకు ఫోను చేసినప్పుడు ఏమి చెప్పావు, ఏమి దాచావు? కథ ఆ మూడు రోజుల్లో ఉంది. నాలుగో రోజు నుంచి ఉన్నది సమాచారం, అది ఎవరైనా ఇస్తారు.

ఇంకో సంగతి. మనం రెండు దాటాక గడిచిన అరను చూస్తాం, వాళ్ళు రాబోయే మూడును చూస్తారు. అలాగని మన చూపు ఎప్పుడూ వెనక్కే ఉండదు. ‘పావు తక్కువ మూడు’ అన్నప్పుడు మనమూ రాబోయే గంట వైపే నిలబడతాం. ఇది నీ వ్యాసంలో ఉంటే చదివేవాడు ఒకసారి తన గోడ గడియారం వైపు తల తిప్పుతాడు. విదేశం గురించి రాయడంలో నాకున్న ఆశ అంతవరకే.

రెండోది తొమ్మిదో నంబరు, తోతాపురి మామిడి గుజ్జు గొడవ. తీపి 14 డిగ్రీల బ్రిక్స్‌కు తగ్గకుండా చూసి, 215 కిలోల డ్రమ్ములకు ఎక్కించి, చిత్తూరు నుంచి ఓడ మీద పంపిన సరుకు. ఆ డచ్చి సహోద్యోగి ఒక చెంచా నోట్లో పెట్టుకుని ‘ఇది బాగా లేదు’ అన్నాడు. ముందు పొగడ్త లేదు, తర్వాత బుజ్జగింపు లేదు. నీకు కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాశావు. నిజాయితీగా రాశావు, ఉంచు. కానీ తర్వాతి సంగతిని రెండు మాటల్లో దాటేశావు. రెండు వారాల్లో వేరే నమూనా పంపగలరా అని అడిగితే ‘చూద్దాం, ప్రయత్నిస్తాను’ అన్నావు. పెళ్ళిచూపులు అయ్యాక ‘ఇంటికి వెళ్ళి ఉత్తరం రాస్తాం’ అంటే ఏమిటో మనకు తెలుసు, నీ ‘చూద్దాం’ కూడా ఆ జాతిదే. అతను మాత్రం నోట్‌బుక్కు తీసి తేదీ రాసుకున్నాడు. పద్నాలుగో రోజు ఆ పేజీ తెరిచి నీ ముందు పెట్టాడు. వాళ్ళు మరీ ముక్కుసూటి మనుషులు అని నువ్వు ఫిర్యాదు చేశావు. సరే. ఆ రాత్రి అతను తన భార్యకు నీ గురించి ఏమి చెప్పి ఉంటాడు? అది కూడా రాయగలిగితే నువ్వు రచయితవు. అది ఊహించడానికి మనసు రాకపోతే, కొన్నాళ్ళు రాయకుండా ఉండు, మళ్ళీ వస్తుంది.

ఒక చిన్న పక్కదారి. డచ్చివాళ్ళకు మన ఊళ్ళు కొత్త కాదు. ఇక్కడికి దగ్గరలోని పులికాట్‌లో 1613లో కోట కట్టుకుని కూర్చున్నారు. మన తీరంలోని అద్దకపు బట్టలు కొని, తూర్పు దీవుల్లో మిరియాలకూ జాజికాయకూ మార్చుకునేవారు. మచిలీపట్నంలో ఇప్పటికీ వలందపాలెం ఉంది, ‘వలందులు’ అంటే వాళ్ళే. ఆ వర్తకులూ ఇళ్ళకు ఉత్తరాలు రాసి ఉంటారు, ‘ఇక్కడివాళ్ళు చేత్తో తింటారు’ అని నంబర్లు వేసి. నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఓడ అటు తిరిగింది, నువ్వు నంబర్లు వేశావు. ఇది తలచుకుంటే నాకు భలే సరదాగా ఉంటుంది. కావాలంటే వాడుకో.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకెక్కడిది అంటావేమో. ఉంది, ఎందుకంటే ఇంతకంటే పెద్ద తప్పు నేను చేశాను.

1989లో మా ఫ్యాక్టరీ నన్ను మూడు నెలల శిక్షణకు జపాన్‌లోని నగోయాకు పంపింది. మొదటి వారంలోనే ఒక విందు. పుల్లలతో తినడం రాక విసిగిపోయి, రెండు పుల్లలనూ గిన్నెలోని అన్నంలో నిలువుగా గుచ్చి మంచినీళ్ళు తాగాను. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. పక్కన కూర్చున్న పెద్దాయన ఏమీ అనకుండా, ఆ పుల్లలు తీసి, అడ్డంగా పెట్టాడు. చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారట. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు తిండి అందించకూడదని కూడా ఆ రోజే తెలిసింది, దహనం అయ్యాక అస్థికలను అలాగే అందుకుంటారు కనుక.

తిరిగి వచ్చాక దీన్ని కథగా రాశాను. అచ్చయింది, మెచ్చుకున్నారు. అందులో ఆ జపానువాళ్ళను చాదస్తులుగా చూపించి నవ్వించాను. మన పంక్తిలో ఒక విదేశీయుడు సరదాకు అన్నం ముద్దలు చేసి, వాటి మీద నల్ల నువ్వులు చల్లి ఆకు చివర వరసగా పెట్టి ఉంటే మా నాయనమ్మ ఏమయ్యేదో నాకు అప్పుడు తోచలేదు. పల్లెత్తు మాట అనకుండా పుల్లలు పక్కకు పెట్టిన ఆ పెద్దాయన చేతులు ఆ కథలో లేనే లేవు. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

రెండేళ్ళకు అదే పెద్దాయన మా ఫ్యాక్టరీకి వచ్చాడు. సెలవు రోజున అలిపిరి వైపు తీసుకెళ్ళాను. వేసవి, విపరీతమైన జనం. కొండ దిగివస్తున్న కుటుంబాలు, తాతలు, ఆడవాళ్ళు, చంటిపిల్లలు, అందరివీ గంధం పూసిన గుండ్లు. ఆయన చాలాసేపు చూశాడు. అడగవచ్చో లేదో అని తటపటాయించి, చివరకు చాలా నెమ్మదిగా అడిగాడు: ‘వీళ్ళంతా ఏమి పొరపాటు చేశారు?’

నేను మళ్ళీ నవ్వాను. వాళ్ళ దేశంలో తప్పు చేసినవాళ్ళు క్షమాపణగా గుండు చేయించుకోవడం ఉందని తర్వాత తెలిసింది. మొక్కు అనే మాటను ఇంగ్లీషులో చెప్పబోయి నానా తంటాలు పడ్డాను. దేవుడితో బేరమా అంటే కాదు. కృతజ్ఞతా అంటే అదీ పూర్తిగా కాదు. జుట్టే ఎందుకు, అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి, వీధిలో రోజూ వందల గుండ్లు చూసేవాణ్ణి.

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మను అడిగాను. ఆమె మజ్జిగ పోస్తూ, ‘నాకేం తెలుసురా? నీకు ఐదో ఏట టైఫాయిడు వచ్చి మనిషివి దక్కవన్నప్పుడు నాది ఇచ్చాను’ అన్నది. మా ఇంట్లో ఒక పాత ఫొటో ఉంది, అందులో అమ్మ తల నిండా కొంగు కప్పుకుని ఉంటుంది. అదేదో ఆ కాలపు మర్యాద అనుకుంటూ ముప్పై ఐదేళ్ళు ఆ ఫొటో కిందే కూర్చుని అన్నం తిన్నాను. నగోయా మనిషి వచ్చి అడిగేవరకు నాకు తెలియదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఆ ఊళ్ళో నిన్ను ఎవరైనా ఏదైనా అడిగారా? పద్నాలుగు పేజీల్లో వాళ్ళ అలవాట్లు నువ్వు చూడటమే ఉంది, నిన్ను వాళ్ళు చూసిన చూపు ఒక్కటీ లేదు. తల అటూ ఇటూ ఊపితే అవుననా కాదనా అని ఎవరూ తికమకపడలేదా? పుట్టినరోజు మనిషికే కాకుండా ఇంటిల్లిపాదికీ అభినందనలు చెప్పడం చూసి నవ్వొచ్చిందని రాశావు. మీ అమ్మ పుట్టినరోజు నీకు ఎప్పుడో తెలుసా? నాకు మా అమ్మది తెలియదు.

ఇక చిల్లర విషయాలు. ఆవకాయ సీసా విమానాశ్రయంలో పగలడం కొట్టేశాను. తెలుగులో ఆ సీసా ఇప్పటికి చాలాసార్లు పగిలింది. నంబర్లు తీసెయ్యి. ఆ నలుగురి అసలు పేర్లు మార్చు, ఊరు ఉంచు. నా రోజుల్లో నగోయా పెద్దాయన నా తెలుగు కథ చదివే ప్రమాదం లేదు. ఇప్పుడు నీ సహోద్యోగి ఫోను ఎత్తిపట్టి చూపితే నీ పేజీ వాళ్ళ భాషలోకి మారిపోతుంది. అతను చదువుతాడనే రాయి. అలాగని అతన్ని మెప్పించడానికి రాయకు, అది ఇంకో జబ్బు.

పదిహేడు, తొమ్మిది, ఈ రెండే తిరగరాసి తీసుకురా. వచ్చే ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను. చిత్తూరు నుంచి బస్సులో రెండు గంటలే కదా, మీ అత్త రాగి సంగటి, చెనక్కాయల పచ్చడి చేస్తానంటోంది. సరిగ్గా సగం మూడుకు రా. ఆలస్యమైతే సంగటి చల్లారిపోతుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య