ఇంటర్నల్ మెడిసిన్ తీసుకుంటే కొండలెక్కే తీరిక దొరుకుతుందా?

ప్రశ్న: అన్నా, ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ (మన జనరల్ మెడిసినే) చేసి హాస్పిటల్లో చేరితే వారం డ్యూటీ, వారం సెలవు అంటున్నారు. నాకు ట్రెక్కింగ్ అంటే పిచ్చి. ఈ బ్రాంచ్ నాకు సరిపోతుందంటావా?

తమ్ముడూ, వారం డ్యూటీ, వారం సెలవు అన్నది నిజమే. ఆ సెలవు చూసి బ్రాంచ్ ఎంచుకుంటే మాత్రం ఏడుస్తావు.

నేను కొలరాడోలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో హాస్పిటలిస్టుని. ఈ ఉద్యోగానికి ఆ పేరు వచ్చిందే 1996లో, వాక్టర్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు రాసిన వ్యాసంతో. ఓపీ ఉండదు. అడ్మిట్ అయినవాళ్లని డిశ్చార్జ్ అయ్యేదాకా చూసుకోవడమే పని. పొద్దున ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా, అలా ఏడు రోజులు. హార్ట్ ఫెయిల్యూర్‌తో కాళ్లు వాచినవాళ్లు, సుగర్ ఆరొందలు దాటాక వచ్చినవాళ్లు, తాగుడు ఒక్కసారిగా మానేసి వణికిపోతున్నవాళ్లు, ఏ టెస్టుకీ అంతుపట్టని జ్వరాలు. మిగతా డిపార్టుమెంట్లు ‘ఇది మాది కాదు’ అన్న ప్రతి కేసూ మన లిస్టులోనే తేలుతుంది. ఏడో రోజుకి ఒంట్లో ఓపిక ఉండదు. సెలవులో మొదటి రోజు నిద్రకి పోతుంది, రెండోది బట్టలకీ బిల్లులకీ ఇండియా ఫోన్లకీ. ముందు వారం నైట్లు పడితే ఇంకో రోజు తీసెయ్. కొండకి మిగిలేది ఏ నాలుగు రోజులో. కాకపోతే ఆ నాలుగింట్లో మంగళవారాలు, బుధవారాలు కూడా ఉంటాయి. శనివారం తెల్లారకముందే బండి పెట్టడానికి చోటుండని ట్రైల్ దగ్గర మంగళవారం మనదే రాజ్యం.

ఇంకో సంగతి, ఊరు మన చేతిలో ఉండదు. జే-వన్ వీసా మీద రెసిడెన్సీ (అక్కడి స్పెషాలిటీ ట్రైనింగ్) చేస్తే, అయిపోయాక రెండేళ్లు ఇండియా వెళ్లి ఉండాలి, లేదా వెయివర్, అంటే మినహాయింపు, తెచ్చుకోవాలి. ఆ వెయివర్ ఇచ్చే పథకం కాన్రాడ్ 30 అని ఒకటుంది. ఏడాదికి ఒక్కో రాష్ట్రానికి 30 మందికే. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచెయ్యాలి. నన్ను కొండల దగ్గరికి తెచ్చింది నా ట్రెక్కింగ్ పిచ్చి కాదు, ఆ వెయివర్. మా బ్యాచ్‌మేట్ ఒకడికి కాన్సాస్‌లో గోధుమ పొలాల మధ్య దొరికింది. వాడికి అక్కడ ఎక్కడానికి ధాన్యం నిలవచేసే టవర్లు తప్ప ఏమీ లేవు.

నాకు ఈ అలవాటు తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు అంటుకుంది. పరీక్షల ముందు మొక్కుకుని అలిపిరి మెట్లు 3,550 ఎక్కడం, ఫాల్గుణ పౌర్ణమికి జనంతో కలిసి తుంబురు తీర్థం దాకా అడవిలో నడవడం. మోకాళ్ల పర్వతం దగ్గర రొప్పుతూ కూర్చున్నప్పుడు, ఊపిరి గురించి చదివిందంతా ఒంటి మీదే అర్థమయ్యేది. వీటికీ నా పనికీ ఏదో సంబంధం ఉందని అప్పట్లో అనుకోలేదు. ఇక్కడికొచ్చాక ఒక కేసుతో తెలిసింది. పేషెంట్‌ని గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చి చెప్తున్నాను.

డల్లాస్ నుంచి మనవాడే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, స్నేహితులతో స్కీయింగ్‌కి వచ్చాడు. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తు. అర్ధరాత్రి దగ్గు, ఆయాసం, పడుకుంటే ఊపిరాడట్లేదు. ఆక్సిజన్ శాచురేషన్ 68. కొద్దిగా జ్వరం. ఎక్స్‌రేలో కుడివైపు దూది పింజల్లా మచ్చలు. న్యుమోనియా అని రాసెయ్యడానికి అన్నీ అమరాయి. ఫోన్లో గుంటూరు నుంచి వాళ్లమ్మగారు: “మంచులో తిరిగి తిరిగి జలుబు చేసుంటుంది బాబూ, వాడికి చిన్నప్పట్నుంచీ అంతే.” నేను మాస్కు సరిచేస్తూ తెలుగులోనే అడిగాను, “ఇక్కడ ఇది నీకు ఎన్నో రాత్రి?” “రెండోదండీ.” “వచ్చే ముందు దగ్గేమన్నా ఉందా?” “లేదండీ, నిన్న పొద్దున కూడా బానే ఉన్నా.” ఎత్తుకి కొత్తగా వచ్చినవాడు, రెండో రాత్రి, అంతకుముందు ఏ జబ్బూ లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, అది ఎత్తు వల్ల. ఆక్సిజన్ మీద ఉంచితే మర్నాటికే తేరుకున్నాడు. కిందికి దింపి పంపేశాం.

ఈ జబ్బు కథలో ఒక పెద్ద మలుపు కూడా ఈ కొలరాడోలోనే. ఆస్పెన్‌లో చార్లెస్ హూస్టన్ అనే ఫిజీషియన్ ఉండేవాడు. ఆరోగ్యంగా ఉన్న ఒక కుర్రాడు స్కీయింగ్‌కి పోయి ఇలాగే ఆయాసంతో వచ్చాడు. ముందు న్యుమోనియా అనుకున్నారు. కానీ అతను ఇట్టే తేరుకున్నాడు, న్యుమోనియా అంత తొందరగా తగ్గదు కదా! గుండె జబ్బు లేకుండానే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని పోల్చుకుని 1960లో ప్రచురించాడు. మన వైపు నుంచి చూస్తే, 1962 యుద్ధంలో మైదానాల నుంచి హిమాలయాలకి తీసుకెళ్లిన సైనికులు జబ్బుపడ్డారు. ఆర్మీ డాక్టర్ ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికులని పరిశీలించి 1969లో రాసిన పేపర్ ఇప్పటికీ చదవదగ్గది. ఇద్దరూ చేసింది ఒకటే. కేసు మామూలుగానే ఉన్నా, అందులో అతకని ఒక్క ముక్కని వదిలెయ్యలేదు. ఇంటర్నల్ మెడిసిన్ అంటే నా లెక్కలో అదే.

హూస్టన్ సంగతి ఇంకొంచెం చెప్పకపోతే నాకు తోచదు. 1953లో కే2 (ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం) ఎక్కే బృందానికి నాయకుడు ఆయనే. 25 వేల అడుగులు దాటాక తుఫానులో రోజుల తరబడి టెంట్లలో ఇరుక్కుపోయారు. ఆర్ట్ గిల్కీ అనే సభ్యుడు లేచి నిలబడబోయి పడిపోయాడు. హూస్టన్ పిక్క చూసి, కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని చెప్పాడు. అల్ట్రాసౌండ్ లేదు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ లేదు. ఆ ఎత్తు నుంచి మనిషిని బతికించి దించడం దాదాపు అసాధ్యమని తెలిసీ అందరూ శిఖరం వదిలేసి అతన్ని స్లీపింగ్ బ్యాగులో చుట్టి కిందికి దించడం మొదలుపెట్టారు. దారిలో ఒకరు జారితే తాళ్లు చిక్కుపడి మిగతావాళ్లూ జారిపోయారు. పీట్ షోనింగ్ ఒక్కడే తాడు బిగించి అందర్నీ ఆపాడు. వాళ్లు తేరుకుని చూసేసరికి, మంచులో కట్టి ఉంచిన గిల్కీ లేడు. మంచు చరియ విరిగిపడి తీసుకుపోయి ఉంటుందన్నారు.

నేను ఎక్కేవి అంత పెద్దవి కాదులే. గ్వనెల్లా పాస్ నుంచి మౌంట్ బియర్‌స్టాట్ లాంటివి, పద్నాలుగు వేల అడుగులు పైచిలుకు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దిగిపోయేవి. చీకట్లో హెడ్‌లైట్ తగిలించుకుని మొదలుపెడతాం, ఎందుకంటే వేసవిలో మధ్యాహ్నమైతే పిడుగులు. పదిన్నరకి పడమట మబ్బు పైకి పేరుకుంటుంటే, శిఖరం కళ్లెదుట ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. చెట్లుండే ఎత్తు దాకా దిగితే గానీ భయం పోదు. తిండి కూడా అంతే, పైన తీపి సహించదు. జేబులో జంతికలు పెట్టుకెళ్తాను.

అన్నట్టు, మా బంధువుల్లో కేదార్‌నాథ్ వెళ్లేవాళ్లందరూ వాట్సాప్‌లో ‘ఏ మాత్రలు తెచ్చుకోవాలి’ అని అడుగుతారు. గౌరీకుండ్ సుమారు 2,000 మీటర్లు, గుడి 3,583. ఒక్క రోజులో అంత ఎత్తు! హెలికాప్టర్ అయితే నిమిషాల్లో. డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వాడే మాత్ర) సంగతి మీ డాక్టర్‌తో మాట్లాడండి, సల్ఫా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి అంటాను. మాత్ర కన్నా ముందు దారిలో ఒకట్రెండు రాత్రులు ఆగండి అంటే ‘అంత టైం ఎక్కడిదిరా’ అని కసురుకుంటారు.

ఇక నీ సంగతి. ఓపీలో ముసలాయన సోది చెప్తుంటే విసుగు రాకుండా, ‘ఆగు, ఇందులో ఏదో ఉంది’ అనిపించే రకమైతే ఈ బ్రాంచ్ తీసుకో. సెలవులే కావాలంటే వేరే బ్రాంచీలు బోలెడు. రెసిడెన్సీ మూడేళ్లలో కొండల మీద పెద్దగా ఆశ పెట్టుకోకు. అప్లికేషన్‌లో హాబీల గడి ఉంటుంది, అందులో ‘హైకింగ్’ అని ఒక్క మాట రాసి వదిలెయ్యకు. ఆ మాట అందరూ రాస్తారు. ఏ కొండ, ఏ కాలంలో, ఎక్కడిదాకా వెళ్లి ఎందుకు వెనక్కొచ్చావో రాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఒక్కరికైనా ఈ పిచ్చి ఉంటుంది, వాళ్లు అడిగేది దాని గురించే.