గణితం చదివే అమ్మాయి, డేటా గేమ్, నాన్నగారి టెన్షన్

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ త్రీ (ఇక్కడ డిగ్రీని అలా అంటారు) మ్యాథ్స్ ఆనర్స్ చివరి సంవత్సరం. రోజూ ఏదో వీడియో గేమ్ పట్టుకుని కూర్చుంటోంది. అడిగితే, గణిత పరిశోధన డేటాను ఎలా భద్రపరచాలో నేర్పే ఆట అట, విదేశాల్లో ఆ ఉద్యోగాలున్నాయట. కోపమొచ్చి ఫోన్ లాక్కున్నాను. విశాఖలో ఒకచోట నుంచి ఫోన్ చేసి, బ్రోచర్ పంపి, డేటా కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. అప్పు చేసి చేర్పించనా, ఎమ్మెస్సీ చదివించనా? ఒడిశాలో తెలుగువాళ్లం, ఆంధ్రాకు వెళ్తే నాన్‌లోకల్. పిల్ల రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని భయం.

జవాబు: మీ అసలు బాధ చివరి మాటలో ఉంది. బరంపురం, రాయగడ, జయపురం తల్లిదండ్రులు కూడా నన్ను అడిగేది ఇదే. ఎమ్మెస్సీలో చేరడానికి రాసే జామ్, ఎంటెక్, పీహెచ్‌డీలకు పనికొచ్చే గేట్, పరిశోధనకూ లెక్చరర్ పోస్టుకూ అర్హతనిచ్చే సీఎస్ఐఆర్ నెట్, ఈ పరీక్షలు దేశమంతటికీ ఒకటే. వాటిలో లోకల్, నాన్‌లోకల్ అన్న మాటే లేదు. భువనేశ్వర్ ఐఐటీలో గణితం ఎమ్మెస్సీకి దారి జామే. బరంపురం యూనివర్సిటీ ఎలాగూ మీ రాష్ట్రానిదే. రేపు నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే, 2023 నుంచి అది నెలకు 37,000 రూపాయలు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టండి.

ఇక ఆట సంగతి. గణితానికి డేటా ఏమిటని మీకు అనిపించి ఉంటుంది. ప్రోగ్రాములు, లెక్కించిన పట్టికలు, కంప్యూటర్ సరిచూసిన నిరూపణలు, అన్నీ డేటాయే. జర్మనీలో ఆ డేటాను భద్రపరిచే పని కోసమే 2021లో మార్డీ అనే ప్రాజెక్టు మొదలైంది. డేటా వెతికితే దొరకాలి, చేతికి అందాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోవడానికి పనికిరావాలి అన్న నాలుగు సూత్రాలు 2016 నుంచి ప్రచారంలో ఉన్నాయి. అమ్మాయి చెప్పింది గాలి కబురు కాదు.

అయినా నాకు అనుమానాలున్నాయి. ఆటలో ఫైలు సరైన చోట పెడితే పాయింట్లు వస్తాయి. నిజం పరిశోధనలో ఎవరూ పాయింట్లివ్వరు. ఏడాది తర్వాత తన ప్రోగ్రామ్ తనకే అర్థం కాకపోతే అప్పుడు తెలుస్తుంది నొప్పి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్' అని మూడు ఫైళ్లుంటే పేపర్లో వేసిన పట్టిక దేన్నుంచి వచ్చిందో ఎలా చెబుతుంది? ఆట ఈ జాగ్రత్తను పరిచయం చేస్తుంది, అలవాటు చేయలేదు. పైగా ఈ పనికి మనిషి కావాలంటే ముందు గణితం లోతుగా తెలిసినవాళ్లనే తీసుకుంటారు. ఆట ఆడినందుకు ఉద్యోగం ఇవ్వరు. మన దగ్గర ఆ పేరుతో పోస్టులు నేనింకా చూడలేదు.

అమ్మాయిని ఓఈఐఎస్ అనే ఉచిత వెబ్‌సైట్ తెరవమనండి, అది సంఖ్యల వరుసల విజ్ఞానకోశం. 1, 2, 5, 14, 42 అని కొట్టమనండి. కాటలాన్ సంఖ్యలు అనే పేరున్న వరుస వస్తుంది. దాని సూత్రాలు, ప్రోగ్రాములు, ఎవరు ఏం చేర్చారో అన్నీ ఒకే పేజీలో. గణితవేత్త నీల్ స్లోన్ 1964లో విద్యార్థిగా కార్డుల మీద మొదలుపెట్టిన సేకరణ అది. గణిత డేటాను ఎలా దాచాలో చూపడానికి అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. తర్వాత తన ప్రాజెక్టులోని ఒక పట్టికను, ఏ ప్రోగ్రాముతో, ఏ వెర్షన్‌తో వచ్చిందో రాసి స్నేహితురాలికి ఇవ్వమనండి. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అదే పట్టిక తెప్పించగలిగితే అమ్మాయికి పని వచ్చినట్టే.

మీరు చేసింది మాత్రం నాకు నచ్చలేదు. పరిశోధన గురించి తనంతట తాను తెలుసుకుంటున్న పిల్ల ఫోన్ లాక్కున్నారు. ఎవరో ఫోన్ చేసి మాట్లాడిన మాటలకు లక్షన్నర అప్పుకు సిద్ధమయ్యారు. ఆ కోర్సు సిలబస్ చూశారా? అక్కడ చదివిన ఇద్దరితో మాట్లాడారా? కూతుర్ని నమ్మకుండా బ్రోచర్‌ని నమ్మితే ఎలాగండీ?

కోర్సా, ఎమ్మెస్సీయా అన్నారు. ఎమ్మెస్సీయే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఫైళ్ల మార్పులను గుర్తుపెట్టే గిట్ అనే సాధనం ఇంట్లో ఉచితంగా నేర్చుకోవచ్చు. అవి వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయికి లెక్చరర్ దారీ, పరిశోధన దారీ, డేటా ఉద్యోగం దారీ మూడూ తెరిచే ఉంటాయి. ముందు ఆ ఫోన్ తిరిగి ఇచ్చేయండి. జామ్ దరఖాస్తు ఎప్పుడో ఆమెనే చూసుకోమనండి. విశాఖలో అడ్వాన్స్ ఏమైనా కట్టి ఉంటే ఈ వారమే రాతపూర్వకంగా వెనక్కి అడగండి.