అమ్మని బెంగళూరు తీసుకెళ్తున్న చిన్నాకి

చిన్నా,

అమ్మని తెనాలి నుంచి నీ దగ్గరికి తెచ్చుకుంటానన్నావని మావయ్య చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో, అంత భయమూ వేసింది. ఎమ్మారై రిపోర్టు ఫొటో కూడా పంపాడు. స్మాల్ వెసెల్ డిసీజ్, ఫజేకాస్ గ్రేడ్ 2. మీ పెదనాన్న రిపోర్టులో మొదట ఉన్నవీ ఈ మాటలే, అందుకే రాస్తున్నా.

మెదడు లోపలికి రక్తం తీసుకెళ్లే నాళాలు చాలా సన్నవి. ఏళ్ల తరబడి బీపీ, షుగరు ఉంటే వాటి గోడలు మందమై గట్టిపడతాయి, ఇక కాలువ చివరి పొలానికి నీళ్లందనట్టే లోపలి భాగాలకి రక్తం సరిగా అందదు. రిపోర్టులో ఉన్న తెల్లమచ్చలు అవే. ఫజేకాస్ అంటే వాటికి 0 నుంచి 3 దాకా వేసే గ్రేడు, 2 అంటే మచ్చలు ఒకదానితో ఒకటి కలవడం మొదలైందని. దెబ్బతిన్నదాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు కానీ, ఇకముందు పెరగడాన్ని నెమ్మది చేయొచ్చు. మైక్రోబ్లీడ్స్, అంటే మెదడులో చిన్నచిన్న రక్తస్రావాల గుర్తులు, అని ఎక్కడైనా రాసి ఉంటే న్యూరాలజిస్టుకి ఆ లైను చూపించు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్రం సొంతంగా మొదలుపెట్టకు.

షుగరు టెస్టులు, బీ12, థైరాయిడ్ చేయించు. రోజూ నడిపించు.

ఇక బీపీ మాత్ర. పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. ఒకరోజు మిషన్లో 124/80 వచ్చేసరికి తనకి బీపీ తగ్గిపోయిందనుకున్నారు. దానికి తోడు, రోజూ మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని పక్కింటాయన మాటొకటి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మానేశారు, మాత్రని నా ముందే చేతిలోకి తీసుకుని చొక్కా జేబులో వేసుకునేవారు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంకేం, తను చేసింది కరెక్టే అనుకున్నారు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదురా! నెలలు గడిచాక ఒకపొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది, మాట ముద్దగా వచ్చింది. రాత్రి చెయ్యి మీద పడుకున్నానన్నారు, తిమ్మిరి అన్నారు, సాయంత్రం దాకా చూద్దామన్నారు, ఎవరెంత చెప్పినా కదల్లేదు. అది పక్షవాతం. రక్తం గడ్డని కరిగించే ఇంజక్షన్ని లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. గుంటూరు చేరేసరికి ఆ టైము దాటిపోయింది. బీపీ నార్మల్‌గా వచ్చిందంటే మాత్ర పని చేస్తోందని అర్థం. మీ అమ్మా అంతే మొండిది, మింగేదాకా పక్కనే నిలబడు. మూతి వంకర పోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

పెదనాన్న చెయ్యి చాలావరకు బాగుపడింది గానీ మనిషి మారిపోయారు. పేపరు మొత్తం పైకి చదివి వినిపించే మనిషి ఒకే పేజీ ముందు గంటలు గంటలు కూర్చునేవారు. అడుగులు చిన్నవైపోయాయి. చుట్టాలు బద్ధకమన్నారు, అలిగాడన్నారు. అది జబ్బు, నాన్నా. అమ్మ జవాబు చెప్పడానికి టైము పడుతుంది, ఆగు. చిన్న ఆధారం అందిస్తే చాలాసార్లు గుర్తు తెచ్చుకుంటుంది. "ఇందాకే చెప్పాను కదమ్మా" అని విసుక్కోకు, దాని మనసు ఎంత సున్నితమో నాకు తెలుసు, చిన్నప్పుడు నేను గట్టిగా అరిస్తే రెండు పూటలు అన్నం మానేసేది.

అమెరికాలో స్ప్రింట్ అనే పెద్ద పరిశోధన జరిగింది. పై బీపీని 140 లోపు కాకుండా 120 లోపు ఉంచినవాళ్లలో తెల్లమచ్చలు తక్కువగా పెరిగాయని 2019లో తేలింది. అయితే అందులో షుగరున్నవాళ్లని చేర్చుకోలేదు, మీ అమ్మకి షుగరుంది. కాబట్టి ఆమెకి ఎంత ఉండాలో డాక్టరునే అడుగు. కూర్చోబెట్టి అయిదు నిమిషాలు ఆగి ఒకసారి, లేచి నిలబడ్డాక ఇంకోసారి చూడు. నిలబడగానే బీపీ బాగా పడిపోతుంటే ఆ లెక్కలు రాసి ఆయనకి చూపించు.

నాకు అన్నిటికంటే భయం రాత్రి బాత్రూమ్. ఈ జబ్బులో ఆపుకోలేక హడావుడిగా పరిగెత్తుతారు, కాళ్లేమో సహకరించవు. అమ్మ రాకముందే గోడకి పట్టుకునే కడ్డీలు వేయించు, దారిలో కాలిపట్టాలు తీసెయ్, లైటు రాత్రంతా వెలగనీ. నిద్రమాత్రలు డాక్టరుని అడక్కుండా ఇవ్వకు.

ఆవకాయ పూర్తిగా లాక్కోకు, పాపం. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటారు, అందుకని అప్పడాలు, ఊరమిరపకాయలు ఆపేసి, ఒక పూట చిన్న ముక్క వెయ్యి.

ఉద్యోగం మానేస్తానన్నావట, అది మాత్రం వద్దు! ఇది ఏళ్ల తరబడి సాగే జబ్బు, డబ్బూ కావాలి, నీకు ఊపిరాడే చోటూ కావాలి. పగలు ఉండటానికి తెలుగు వచ్చిన మనిషిని చూడు, కన్నడం రాక రోజంతా మాట్లాడకుండా కూర్చుంటే ఇంకా కుంగిపోతుంది. మొదటి నెల నేనొచ్చి ఉంటా. రైల్లో ఇద్దరికీ కింది బెర్తులే తియ్యి, దొరక్కపోతే తేదీ మార్చు. పాత రిపోర్టులు, మందుల చీటీలు బీరువా పై అరలో ఉన్నాయట, మావయ్యతో తీయించి నాకు పంపించు, నేను తేదీల వారీగా సర్ది తెస్తాను.

మీ పెద్దమ్మ